యాభై వచ్చే చోట అరవై

తెలియక చేశాం అనకండి. ఆ మాట నోటి దాకా వస్తే అక్కడే మింగెయ్యండి. మీకు తెలుసు. జీపులో తిరిగేవాడికి తెలుసు, ఏసీ గదిలో కూర్చుని గనులన్నిటికీ ఒకటే ఆర్డరు పంపినవాడికి ఇంకా బాగా తెలుసు. కరెంటుతో గని తవ్వే షావెల్‌కి వెళ్ళే కేబుల్ ఎక్కడైనా చిరిగి కరెంటు నేలలోకి పోతే, యాభై ఆంపియర్లకి మించి పోకుండా ఎర్తింగ్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించింది మీరే. దాని మెడకి రెసిస్టెన్స్ పెట్టె కట్టి, ఇక యాభై ఒకటో ఆంపియర్ రమ్మని బతిమాలినా రాదని గొప్పలు చెప్పుకున్నదీ మీరే. అదే చోట, ఆ కారే కరెంటుని పసిగట్టి లైను కొట్టెయ్యాల్సిన రిలేని అరవై దగ్గర పెట్టమన్నారు. యాభైకి మించి రానేరాని చోట, అరవై వస్తేనే లేస్తానని పడుకున్న కాపలావాడు ఎవరికి కాపలా? మీ పిల్లలు పడుకునే గదికి ఇలాంటివాణ్ణి పెట్టుకుంటారా?

పెట్టుకోరు. ఇది కేబుల్ మోసేవాళ్ళకి మాత్రమే. ఆ పని ఎవరి చేత చేయించారో, ఎలా చేయించారో వినండి.

*

స్విచ్ డబ్బా అంటే ఇనప చట్రం మీద నిలబెట్టిన రేకుల గది. గని అంచున ఉంటుంది. షావెల్ ముందుకి జరిగినప్పుడల్లా బుల్‌డోజర్ దీన్ని కూడా గొలుసు వేసి ఈడ్చుకుపోతుంది. లోపల లైను తెంచే బ్రేకరు, దాని నెత్తిన అద్దం తలుపు వెనక ఎర్త్ ఫాల్ట్ రిలే. బయట వలకంచెలో ఎర్తింగ్ ట్రాన్స్‌ఫార్మర్ రోజంతా గుయ్యిమంటూ ఉంటుంది. ఎండెక్కితే రేకులు కాలి, లోపల నిలబడ్డవాళ్ళ చొక్కా వీపుకి అతుక్కుంటుంది.

ఆమె బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని, రిలేకి ఉత్తుత్తి కరెంటు ఇచ్చి చూసే టెస్ట్ సెట్టు ఒళ్ళో పెట్టుకుని, ఎర్ర క్లిప్పు ఒకటి, నల్ల క్లిప్పు ఒకటి రిలేకి తగిలించింది. గనిలో అందరూ ఆమెని టెస్టరమ్మ అంటారు. నాబ్‌ని బొటనవేలితో వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ చెవి రిలే దగ్గర పెట్టింది. ముల్లు ఐదు శాతం దగ్గరికి రాగానే లోపల టిక్కుమంది. చిన్న ఎర్ర రేకు కిందికి పడింది. ఐదు శాతమంటే ఇక్కడ పదిహేను ఆంపియర్లు. రేకు పైకి నెట్టి మళ్ళీ చేసింది. మళ్ళీ అక్కడే పడింది. ఈ టిక్కు వినడం అంటే ఆమెకి ఇష్టం. నిద్రపోతున్న పిల్లవాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే తల్లిలా, ఊపిరి ఉందని తెలిశాక మాత్రమే లేస్తుంది.

"అయిందా వైద్యం?" కింద నుంచి అరుపు. కేబుల్ గ్యాంగు మేస్త్రీది. అతనికి వాకీటాకీ ఇవ్వడం దండగని గని అంతా ఒప్పుకుంది. పేరే మైకు.

"అయింది! ఇస్తున్నా!"

క్లిప్పులు తీసి, అద్దం మూసి, బ్రేకరు వేసింది. కింద షావెల్ మోటారు మూలిగి లేవబోయింది. ఢామ్మని బ్రేకరు పడిపోయింది.

"పోయిందీ! టెస్టరమ్మా, మీ రిలేకి ఉలికిపాటు జబ్బుందేమో చూడండి! షావెల్ దగ్గినా కరెంటు తీసేస్తోంది!"

"ఆ దగ్గు మూడు సీటీలకీ ఒకేలా వినపడట్లేదు మేస్త్రీ గారూ, అదీ జబ్బు!"

"మాకు అర్థమయ్యే భాషలో తిట్టండి!"

గ్యాంగు పకపకా నవ్వింది. మైకు పక్కకి తిరిగి గ్యాంగులోనే ఉన్న ఆమె తమ్ముణ్ణి పట్టుకున్నాడు. "ఏరా, మీ అక్క ఇంట్లో కూడా ఇంతేనా? నువ్వు దగ్గితే దీపం ఆర్పేస్తుందా?"

"మా ఇంట్లో దగ్గాలంటే ముందు పర్మిషన్ తీసుకోవాలి మేస్త్రీ," అన్నాడు తమ్ముడు.

జబ్బేమిటో ఆమెకి తెలుసు. మూడు తీగల మీద మూడు సీటీలు, అంటే కరెంటు కొలిచే చుట్టలు. మూడింటి లెక్కా కలిపితే సున్నా రావాలి. రాలేదంటే ఎక్కడో నేలలోకి కారుతోందని రిలే అర్థం చేసుకుంటుంది. షావెల్ లేచేటప్పుడు లాగే లాగుడుకి ఒక చుట్ట వెనకబడి తప్పు లెక్క చెబుతుంది. మందు కూడా తెలుసు. మూడు తీగల్నీ కలిపి ఒకే రింగులోంచి పోనిస్తే తప్పు చెప్పడానికి రెండోవాడే ఉండడు. ఆ రింగు కొనమని నోరు నొప్పెట్టేదాకా అడిగింది. రిలే లేవడంలో కాస్త ఆలస్యం పెడితే షావెల్ కుదుపు దాటిపోవచ్చు. కానీ ఆ ఆలస్యమంతా కేబుల్ పట్టుకున్నవాడి ఒంట్లోంచి పోతుంది. అందుకని పెట్టలేదు.

రెండో ప్రయత్నానికి షావెల్ లేచింది. ఆమె తలుపు దగ్గర నిలబడి కిందికి చూసింది. తొడంత లావు నల్ల కేబుల్. ఒక్కొక్కడూ కొక్కెం తగిలించి, తాడు భుజాన వేసుకుని, మైకు "హోయ్" అనగానే అంతా ఒక్కసారి వెనక్కి వాలుతున్నారు. కేబుల్ బారెడు జరుగుతోంది. మళ్ళీ హోయ్. మళ్ళీ బారెడు. ఎవరి చేతులకీ గ్లోవ్స్ లేవు. రబ్బరు గ్లోవ్స్ ట్రక్కులో ఉన్నాయి. వేసుకుంటే చెమటకి కొక్కెం జారుతుంది, పైగా సగం వాటికి వేళ్ళ సందుల్లో చిల్లులు. కరెంటు తీశాకే కేబుల్ జరపాలని పక్కనే బోర్డు మీద అక్షరాలు ఇంతింత ఉన్నాయి. తీస్తే షావెల్‌ని మళ్ళీ లేపాలి. లేపితే రిలే పడుతుంది. పడితే మేనేజర్ గదిలో తెర మీద షావెల్ బొమ్మ ఎర్రబడుతుంది. అందుకని కరెంటు ఉండగానే జరుపుతారు.

ఎలక్ట్రికల్ మేనేజర్ జీపు దిగి, తలవంచుకుని డబ్బాలోకి వచ్చాడు. ఆమెకి పని నేర్పినవాడు ఆయనే. రిలే దగ్గర చెవి పెట్టి వినడం కూడా ఆయన దగ్గర పట్టుబడ్డ అలవాటే.

"ఇరవై శాతం పెట్టెయ్యమ్మా. గొడవ వదిలిపోతుంది."

"ఇరవై శాతమంటే ఇక్కడ అరవై ఆంపియర్లు సార్."

"అయితే?"

"ఎర్తింగ్ ట్రాన్స్‌ఫార్మర్ వదిలేదే యాభై."

"నాకు పాఠం చెప్తున్నావా?"

"లేదు సార్. మీరు చెప్పిందే ఒప్పజెప్తున్నా."

ఆయన నవ్వాడు. కోప్పడి ఉంటే బాగుండేది. "పెద్ద సబ్‌స్టేషన్లో ఇరవై, వర్క్‌షాపులో ఇరవై, పంపుల దగ్గర ఇరవై. అన్నిచోట్లా ఇరవై ఉండాలని హెడ్డాఫీసు ఆర్డరు. ఇక్కడొక్కచోట ఐదేంటని నన్నడుగుతున్నారు."

"అక్కడ నేలలోకి పోతే వేలల్లో పోతుంది సార్. ఇరవై పెట్టినా లేస్తుంది, ఎనభై పెట్టినా లేస్తుంది. ఇక్కడ మనమే పీక బిగించి యాభైకి ఆపాం. అంత సన్నగా మూలిగేదాన్ని వినాలంటే చెవి కూడా అంత సన్నగా ఉండాలి. అరవై పెడితే రెసిస్టెన్స్ పెట్టె కాలి బూడిదయ్యేదాకా రిలేకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆలోపు కేబుల్ పట్టుకున్నవాడు..."

"అరవై రాదని నాకూ తెలుసు."

"మరి?"

"మరీ లేదు గిరీ లేదు. రింగు వచ్చినప్పుడు వస్తుంది. షావెల్ ఈరోజు తవ్వాలి. రేపటికల్లా పెట్టు."

జీపు వెళ్ళిపోయింది. ఆమె స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకుంది. కాసేపు పట్టుకుని, మళ్ళీ సంచిలో పడేసింది.

*

మర్నాడు పొద్దుట్నించీ ముసురు. బెంచీ మీద, అంటే గనిలో మెట్టులా తవ్విన నేల మీద, టైర్ల గాడులు నీళ్ళతో నిండాయి. ఆమె రిలే డయల్ ముట్టుకోలేదు. మేనేజర్ ఫోన్ చేస్తే చూస్తున్నానంది. భోజనాలయ్యాక షావెల్ తొట్టి నేల మీద ఆనించి ఆగి ఉంది. ఆపరేటర్ అద్దం తుడుచుకుంటున్నాడు. గ్యాంగు నీళ్ళగుంట మీదుగా కేబుల్ జరుపుతోంది. హోయ్ వినపడింది. ఇంకో హోయ్ రాకముందే బ్రేకరు పడింది.

ఆమె గుండె కూడా దాంతో పాటే పడింది. ఎర్ర రేకు పడి ఉంది. షావెల్ లేవడం లేదు. లేవనిదాన్ని చూసి రిలే ఉలిక్కిపడదు. ఆమె చెప్పులు బురదలో వదిలేసి ర్యాంపు మీద కిందికి పరిగెత్తింది.

తమ్ముడు బురదలో కాళ్ళు బారజాపి కూర్చున్నాడు. కుడి చెయ్యి ఎడమ చంకలో దాచుకున్నాడు. ఎందుకొచ్చానో మర్చిపోయినవాడిలా నోరు తెరిచి చూస్తున్నాడు. అతని కొక్కెం నీళ్ళలో ఉంది. కాలిన రబ్బరు వాసన. గుంటలో కేబుల్ జాయింటు మీద టేపు చిట్లి, వేలు దూరేంత నల్లటి బొక్క, అందులోంచి సన్నగా పొగ.

"ఏమైంది?"

"జారాడు," అన్నాడు మైకు. ఆ గొంతు అంత మెల్లగా పలకగలదని అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

"నేను వాణ్ణి అడుగుతున్నా."

"జారానక్కా." తమ్ముడి పళ్ళు టకటకలాడుతున్నాయి.

ఆ బొక్క చూడగానే ఆమెకి జరిగింది జరిగినట్టు కనపడింది. కొక్కెం పట్టు తప్పింది. చేత్తో ఎత్తబోయాడు. అప్పుడే జాయింటు నీళ్ళలోకి చిట్లింది. మనిషి ఒంట్లోంచి పోయేది ఏపాటి, అది ఏ రిలేకీ వినపడదు. ఇది విన్నది గుంటలోకి పోయిన యాభైని. రెప్పపాటులో లైను కొట్టింది కాబట్టి పక్కనుంచి వీడి చేతికి అంటుకున్నదీ తెగిపోయింది. లేకపోతే ఆ వేళ్ళు కేబుల్‌ని వదిలేవి కావు. చుట్టూ ఉన్నవాళ్ళకీ తెలుసు. అందుకే ఒక్కడూ కేబుల్ వైపు చూడ్డం లేదు.

"ఆ జాయింటు ముట్టుకోకండి. మేనేజర్ వచ్చి చూడాలి."

మైకు ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "చూసి ఏమంటాడు? చేత్తో ఎవడు పట్టుకున్నాడంటాడు. గ్లోవ్స్ ఏవంటాడు. గ్లోవ్స్ లేకుండా ముట్టుకున్నవాడు ఆ పూటే గేటు బయట. రూలు తెలీదా నీకు? పోయిన ఎండాకాలం చెయ్యి కాలి ఆస్పత్రిలో పడున్నవాడికి మంచం దగ్గరికెళ్ళి మరీ చెప్పారు ఉద్యోగం పోయిందని. పళ్ళు కూడా తీసుకెళ్ళారులే. నేను నీ తమ్ముణ్ణి కాపాడుతున్నానే తల్లీ."

"వాణ్ణి కాపాడింది రిలే."

"రిలేకి ఇంట్లో పొయ్యి వెలిగించక్కర్లేదు."

రంపం తెచ్చి జాయింటుని అటూ ఇటూ కోసేశారు. కోసిన ముక్క మట్టి డంపర్లోకి విసిరారు. డంపర్ వెళ్ళి ఎక్కడో కుమ్మరించింది. కొత్త జాయింటుని వర్క్‌షాపులో వేడిపెట్టి అతికించాలి, ఒక పూట పడుతుంది. వీళ్ళు అక్కడే వానలోనే టేపు చుట్టారు. తమ్ముడు లేచి నిలబడి, ఎడం చేత్తో టేపు అందిస్తూ, కుడి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. మైకు ఫోన్లో మేనేజర్‌కి ఒకే ముక్క చెప్పాడు.

"ఊరికే పడింది సార్."

*

అక్కా తమ్ముళ్ళది ఒకే ఇల్లు. తమ్ముడి భార్య, అంటే ఆమెకి మరదలు, కంచాలు పెట్టింది. తమ్ముడు స్పూన్ అడిగాడు.

"స్పూనా? ఎప్పట్నించి దొరబాబువయ్యావ్?" మరదలు నవ్వుతూనే తెచ్చింది. అతను ఎడం చేత్తో అందుకున్నాడు. మరదలి నవ్వు సగంలో ఆగింది. "ఆ చెయ్యేది?"

"కొక్కెం గీసుకుంది."

"ఇటివ్వు."

ఇవ్వలేదు. మరదలు వంగి మణికట్టు పట్టుకుని లాగింది. అరచేతి మధ్య నుంచి మణికట్టు దాకా చర్మం తెల్లగా ఉబ్బి ఉంది. నడుమ నల్లటి చుక్క.

"వదినా, ఇది గీత కాదు."

"కాదు," అంది ఆమె.

"నీకు ముందే తెలుసా?"

ఆమె తమ్ముడితో అంది, "రేపు మేనేజర్ గదికి పిలుస్తారు. ఈ చెయ్యి చూపించు. జాయింటు పారేశారు. ఇక మిగిలింది ఇదొక్కటే."

"చూపిస్తే ఉద్యోగం పోతుంది."

"చూపించకపోతే రిలే అరవైకి పోతుంది."

"పోనీ. ఇకనించి గ్లోవ్స్ వేసుకుంటా."

"ఆ చిల్లులవా?"

"కొత్తవి నేనే కొనుక్కుంటానక్కా! సరేనా?" స్పూన్ కంచంలో గిరాటేశాడు. "నన్ను కాపాడమని నిన్నెవరడిగారు? నీ రిలే నోరుమూసుకుని ఉంటే ఇవాళ ఎవడికీ ఏమీ తెలిసేది కాదు."

"నువ్వు చచ్చుండేవాడివిరా."

"చచ్చినవాడి ఉద్యోగం ఎవడూ పీకడుగా." తనే నవ్వాడు. ఇద్దరు ఆడవాళ్ళూ నవ్వకపోయేసరికి తలదించుకుని ఎడం చేత్తో మెతుకులు ఏరుకున్నాడు.

మరదలు మందు డబ్బా తెచ్చి, నేల మీద కూర్చుని, ఆ అరచేతిని ఒళ్ళో పెట్టుకుని రాయసాగింది. తలెత్తకుండానే అంది. "నువ్వు చెప్పేది నిజమే వదినా. కాదనను. కానీ నీ ఉద్యోగం పోయినా ఇంకోచోట పెట్టె పట్టుకుని తిరుగుతావు. ఇతనికి కేబుల్ లాగడం తప్ప ఏం వచ్చు? గని వదిలితే ఈ చుట్టుపక్కల ఏముంది? రేపు నువ్వు ఆ మాట ఎత్తనని నాకు చెప్పు."

"అరవై పెడితే వీడు..."

"చెప్పు వదినా."

తమ్ముడు మందు మంటకి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"సరే. ఎత్తను," అంది ఆమె.

*

మేనేజర్ తమ్ముడికి కుర్చీ చూపించాడు. ఆమెకి చూపించలేదు. మైకు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. గది చల్లగా ఉంది. గోడ మీద తెరలో షావెల్ బొమ్మ ఆకుపచ్చగా వెలుగుతోంది. తమ్ముడు కుర్చీ అంచున కూర్చుని, కుడి చెయ్యి పిడికిలి బిగించి తొడ మీద పెట్టుకున్నాడు. ఆ పిడికిలి బిగించడానికి వాడెంత ఓర్చుకుంటున్నాడో ఆమెకి మెడ నరాల్లో కనపడుతోంది.

"చెప్పు నాయనా. మొన్నటి మాట వదిలెయ్. నిన్న కేబుల్ చేత్తో పట్టుకున్నావా?"

"లేదు సార్."

"భయపడకు. ఏమైనా తగిలిందా?"

"లేదు సార్. జారి కూర్చున్నా."

"అంటే కారణం లేకుండా రిలే కొట్టింది."

మైకు గోడ మీద లేని బొమ్మ ఏదో చూస్తున్నాడు.

"కొట్టిందా, లేదా?"

"కొట్టింది సార్. ఊరికే కొట్టింది."

ఎత్తనని మాటిచ్చి వచ్చింది. దారి పొడవునా పళ్ళ బిగువున పట్టుకుని వచ్చింది. ఊరికే అన్న మాట విన్నాక పట్టు జారిపోయింది.

"ఒరేయ్, చెయ్యి తెరువు."

"అక్కా..."

"తెరువు!"

పిడికిలి మెల్లగా విచ్చుకుంది. బొబ్బ పగిలి, మందుతో కలిసి నీరు కారుతోంది. మైకు కళ్ళు మూసుకున్నాడు. మేనేజర్ లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని కిటికీ వెలుతురుకి తిప్పి చూశాడు. కన్నతండ్రి కూడా అంత జాగ్రత్తగా పట్టుకోడు. నడుమ నల్లచుక్క దగ్గర ఆయన చూపు ఆగింది. కరెంటు లోపలికి వెళ్ళిన చోటు ఎలా ఉంటుందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

"పొయ్యి మీద కాలిందా?" అన్నాడు.

అడిగినట్టు లేదు. నోట్లో పెట్టినట్టు ఉంది. తమ్ముడు అందుకున్నాడు.

"అవును సార్. పొయ్యి మీద."

"ఇంట్లో కాస్త చూసుకోవాలి మరి. మందు రాస్తున్నావా?"

"మా ఆవిడ రాస్తోంది సార్."

"మంచిది." చెయ్యి వదిలి, రుమాలుతో తన వేళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు ఆమె వైపు తిరిగాడు. "నీకు పని నేర్పినందుకు సిగ్గుగా ఉంది. తమ్ముడు ఇంట్లో కాల్చుకున్న చెయ్యిని అడ్డం పెట్టుకుని గని మీద నింద వేస్తావా? వెళ్ళి ఇరవై పెట్టి, గేటు దగ్గర నీ పాస్ ఇచ్చేసి పో."

"నేను పెట్టను సార్."

"సరే." గొంతు పెంచలేదు. తమ్ముడి భుజం తట్టాడు. "ఊరికే కొట్టిందన్నది నువ్వే కదా? పద. నువ్వే సరిచెయ్యి."

*

స్విచ్ డబ్బాలోకి తమ్ముడు ఎప్పుడూ రాలేదు. గుమ్మంలో తల కొట్టుకున్నాడు. షావెల్ ఆపించి, రిలే మాట బ్రేకరుకి చేరవేసే ట్రిప్ లింకు తీసి, మేనేజర్ అద్దం తలుపు తెరిచి డయల్ చూపించాడు. రూపాయి బిళ్ళ కంటే చిన్నది. నడుమ గాడి, చుట్టూ అంకెలు. స్క్రూడ్రైవర్ చేతికిచ్చాడు. తమ్ముడు అలవాటుగా కుడి చేత్తో అందుకున్నాడు. వేళ్ళు ముడుచుకోలేదు, అది నేల మీద పడింది. వంగి ఎడం చేత్తో తీసుకున్నాడు. గాడిలో పెట్టబోతే రెండుసార్లు జారి రిలే ముఖం మీద గీత పడింది.

"ఎటు సార్?"

"కుడికి. ఇరవై వచ్చేదాకా."

తిప్పాడు. కటిక్, కటిక్, కటిక్. బాణం ఇరవై మీద నిలబడింది. వాడు వెనక్కి జరిగి, పని అప్పజెప్పినవాడిలా మేనేజర్ ముఖం చూశాడు.

"సెట్టింగు మార్చాక టెస్టు చెయ్యాలి సార్," అంది ఆమె. "అదీ రూలే."

"చెయ్యి. చేసి పో."

ఆమె పెట్టె మీద కూర్చుంది. సెట్టు ఒళ్ళో పెట్టుకుంది. ఎర్ర క్లిప్పు, నల్ల క్లిప్పు. కేబుల్లో యాభై పోతే రిలే దాకా ఎంత చేరుతుందో అంత దగ్గర ముల్లు ఆపింది.

"ఒరేయ్, ఇలా రా. దగ్గరికి. నిన్న గుంటలోకి పోయింది ఇంతే. ఈ కేబుల్లోంచి ఎప్పుడైనా సరే నేలలోకి పోగలిగేది ఇంతే. విను."

బయట ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటోంది. రేకుల మీద వాన. రిలే లోపల ఏ చప్పుడూ లేదు.

"ఇప్పుడు నువ్వు పట్టుకుని ఉన్నావు," అంది ఆమె. నాబ్ మీద వేలు తియ్యలేదు. "ఇంకా పట్టుకునే ఉన్నావు. నీ వేళ్ళు నువ్వు చెప్పినట్టు వినవు. మేస్త్రీ అరుస్తున్నాడు. ఇంకా ఉన్నావు. నేను ఇక్కడ కూర్చుని చూస్తున్నా, రేకు పడలేదు, నాకేం తెలీదు. ఇంకా ఉన్నావు."

"చాలు తల్లీ," అన్నాడు మైకు.

"నాకు చెప్పకండి. దీనికి చెప్పండి."

తమ్ముడు రిలే వైపు చూశాడు. తన అరచెయ్యి వైపు చూసుకున్నాడు. పెదవులు తడిచేసుకున్నాడు. నోరు తెరిచాడు. సార్, అని గొంతులోంచి సగం మాట వచ్చింది కూడా.

మేనేజర్ చెయ్యి వచ్చి ఆమె వేళ్ళ మీద పడింది. ఆ వేళ్ళతో సహా నాబ్‌ని తిప్పేశాడు. ముల్లు యాభై దాటింది, యాభై ఐదు దాటింది, అరవై తాకింది.

టిక్.

ఎర్ర రేకు పడింది.

"పనిచేస్తోంది," అన్నాడు మేనేజర్. "రిలే పాస్."

తమ్ముడు గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు. వాడి ముఖం తేటపడింది. "కొట్టిందిగా అక్కా!" అన్నాడు. ఇందాక గదిలో అబద్ధమాడినప్పుడు వాడి మెడ నరాలు లేచాయి. ఇప్పుడు లేవలేదు. నిజంగానే నమ్మాడు. నమ్మకపోతే ఆ ర్యాంపు దిగలేడు.

లింకు పెట్టి, అద్దం మూసి, మేనేజరే బ్రేకరు వేశాడు. షావెల్ ఒక్క కుదుపు కుదిపి లేచి నిలబడింది. మొదటిసారికే. కింద గ్యాంగు ఈలలు వేసింది. తమ్ముడు వానలో ర్యాంపు దిగి, నిన్నటి టేపు జాయింటు దాటి, ట్రక్కులోంచి కొక్కెం తీసుకుని ఎడం భుజాన తాడు వేసుకున్నాడు. మైకు అరిచాడు. హోయ్.

ఆమె క్లిప్పులు చుట్టుకుంటోంది. మేనేజర్ ఫోన్లో హెడ్డాఫీసుకి చెప్తున్నాడు, ఇక రిలే ట్రిప్పులు ఉండవు సార్ అని.

ఉండవు. అందులో అబద్ధం లేదు. మనిషి మాడినా ఉండవు. ఆ గనిలో ఇప్పుడు అంతా ఆకుపచ్చగా ఉంది, షావెల్ తవ్వుతోంది, మీరు చల్లగా ఉన్నారు. లేవండి. విచారణ కమిటీలు తర్వాత వేసుకోండి, ముందు ఆ షావెల్ ఆపండి. డయల్ ఐదుకి దించండి, దించాక యాభై ఇచ్చి మీ చెవులతో మీరే వినండి. రింగు దొరికేదాకా షావెల్ లేవకపోతే పడుండనివ్వండి, దానికి ఆకలి వెయ్యదు. వానలో చుట్టిన ఆ టేపు విప్పించండి. కేబుల్ మీద చెయ్యి పడే ముందు కరెంటు తియ్యండి, ప్రతిసారీ. కాలిన చెయ్యి చూపించినవాణ్ణి గేటు బయటికి నెట్టే ఆ రూలుని ఇవాళే పీకి పారెయ్యండి, రిలే కంటే ముందు నోళ్ళు మూయించింది అదే. గ్యాంగులో ఉన్నవాళ్ళారా, మీకూ చెప్తున్నా: వాళ్ళు ఆపకపోతే మీరు ఆపండి. కొక్కేలు కింద పడేసి నిలబడండి.

రేపు కాదు. వాన కురుస్తోంది, కేబుల్ నీళ్ళలో ఉంది, వాడు వంగుతున్నాడు. ఈ పూటే ఆపండి.